ఆయాసం దాచేది లేదు

యశస్విని కబడ్డీ గ్రౌండులో కూలిపోయిన సాయంత్రం దగ్గర ఆగాం. కూతకి వెళ్ళి, ఎదుటి జట్టులో ఇద్దరిని తాకి, తిరిగి గీత దాటిన పిల్లకి ఊపిరి అందలేదు. నిక్కరు జేబులోంచి నీలం రంగు ఇన్‌హేలర్ తీసి నోట్లో పెట్టుకుని నొక్కింది. మందు రాలేదు. ఒట్టి గాలి వచ్చింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ గాలే. ఆటోలో కూర్చోబెట్టి ఆసుపత్రికి చేర్చేసరికి పెదాలు నీలం తిరిగాయి. డాక్టర్లు మర్నాటికి గాని గండం గడిచిందని చెప్పలేదు.

పిల్ల కోలుకుంది. కానీ కోచ్ గుణశేఖర్ జిల్లా సెలెక్షన్‌కి వెళ్ళే జట్టులోంచి ఆమెని తప్పించేశాడు. మందు ఎక్కువ పీల్చి ఖాళీ చేసుకుందని, అలాంటి పిల్లని ఆడించి రేపేదైనా జరిగితే తను జవాబు చెప్పలేనని అన్నాడు. తండ్రి ఉదయ్‌కుమార్ అక్కడితో ఆగలేదు. కబడ్డీయే కాదు, ఆదివారాలు మిరియం నడిపే క్లాసుకి కూడా వెళ్ళడానికి వీల్లేదన్నాడు.

మిరియం సీతమ్మధారలో ఊపిరితిత్తుల డాక్టరు దగ్గర నర్సు. ఆమెకీ చిన్నప్పటినుంచి ఉబ్బసమే. క్లినిక్‌కి వచ్చిన పదిహేనేళ్ళ పిల్లల్ని డాక్టరు "ఎలా ఉంది?" అని అడిగితే, పక్కనున్న అమ్మో నాన్నో జవాబు చెప్పడం చూసి చూసి ఆమెకి విసుగొచ్చింది. ఎప్పుడు ఏ మందు పీల్చాలో, ఎలా పీల్చాలో, ఆయాసం రాబోతోందని ముందే ఎలా పసిగట్టాలో పిల్లలకే నేర్పుదామని ఈ క్లాసు మొదలుపెట్టింది. కంచరపాలెంలో తను వెళ్ళే చర్చివాళ్ళు మేడమీది గది ఇచ్చారు.

రెండు వారాలుగా మిరియంని ఒకే ప్రశ్న తొలిచేస్తోంది. ఆ ఇన్‌హేలర్ కొత్తది. యశస్విని చేతికి ఇచ్చింది తనే. రోజూ వాడే మందు సరిగ్గా తీసుకునే పిల్లకి, అవసరానికి మాత్రమే వాడే ఆ నీలంది నెలల తరబడి రావాలి. మరి అంత తొందరగా ఎలా అయిపోయింది?

* * *

ఆదివారం మధ్యాహ్నం. కింద ఆరాధన ముగిసి జనం భోజనాలకి వెళ్ళిపోయారు. మేడమీద ప్లాస్టిక్ కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి. పట్టాల మీద గూడ్సు వెళ్ళినప్పుడల్లా కిటికీ అద్దాలు దడదడలాడుతున్నాయి.

"లే, ఆరోన్. ఇప్పుడు నువ్వు పీటీ మాస్టారువి," అంది మిరియం.

ఆరోన్ ఇంటర్ మొదటి సంవత్సరం. పోయిన నెల దాకా ఇన్‌హేలర్‌ని సాక్సులో దాచుకుని కాలేజీకి వెళ్ళేవాడు. ఇప్పుడు క్లాసులో వాడంత గట్టిగా మాట్లాడేవాడు లేడు. లేచి, లేని పొట్టని ముందుకు తోసి, లేని విజిల్ ఊదాడు.

"ఏటి నువ్వు లైన్లోంచి బయటికొచ్చీసావ్? రన్నింగ్ అంటే సాలు, డ్రామాలు మొదలెట్టెత్తారు!"

పిల్లలు ఘొల్లుమన్నారు. వాడి ఎదురుగా నిలబడ్డ రాణి మాత్రం నవ్వలేదు. తొమ్మిదో తరగతి పిల్ల, క్లాసుకి కొత్త. చున్నీ కొస నలుపుకుంటూ నేల చూసింది.

"నాకు... కొంచెం ఆయాసంగా ఉంది సార్. ఏమనుకోకండి."

"ఏమనుకోకండేంటి?" మిరియం అడ్డుపడింది. "నువ్వేమైనా దొంగతనం చేశావా? తల పైకెత్తు. నీకేం కావాలో చెప్పు."

రాణి తల ఎత్తింది. "సార్, నాకు ఉబ్బసం ఉంది. ఇప్పుడు మందు పీల్చుకోవాలి. తగ్గాక మళ్ళీ వస్తాను."

"మందు ఆఫీసు రూములో పెట్టించాం కదా. ఎల్లి అడిగి తెచ్చుకో," ఆరోన్ వదల్లేదు.

రాణి మళ్ళీ చున్నీ కొస పట్టుకుంది. జవాబు గుమ్మం దగ్గర్నుంచి వచ్చింది.

"ఆఫీసు రూములో ఎందుకుంటాది సార్? ఆయాసం ఒచ్చీది నాకా, ఆఫీసు రూముకా? నా మందు నా జేబులోనే ఉంటాది!"

అందరూ అటు తిరిగారు. యశస్విని. మొహం కాస్త పీక్కుపోయింది గానీ కళ్ళలో పొగరు ఎక్కడికీ పోలేదు. ఆమె వెనక నానమ్మ చిలకమ్మ మోకాలి మీద చెయ్యి ఆనించి ఆఖరి మెట్టు ఎక్కుతోంది.

"నానే తీసుకొచ్చినాను తల్లీ," అంది చిలకమ్మ, మిరియం అడక్కుండానే. "నా కొడుక్కి సెప్పనేదు. నైట్ డ్యూటీ సేసొచ్చి తొంగున్నాడు. రెండు వారాలబట్టి గుంట మంచం మీద కూకుని గోడకేసి సూత్తంది. ఊపిరాడక సచ్చిపోద్దో లేదో గానీ, అలగే కూకుంటే సచ్చిపోద్దని బయం ఏసింది నాకు."

ఆరోన్ లేచి ముసలమ్మకి కుర్చీ వేశాడు.

మిరియం యశస్వినిని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, ఊపిరి బలం చూసే గొట్టం ఇచ్చి ఊదమంది. ముల్లు పచ్చ గీత దాటి పైకి వెళ్ళింది. పిల్ల బాగుంది. శుక్రవారం పరీక్ష చేసిన డాక్టరు కూడా అదే అన్నారు. రోజూ వాడే మందు మానకుండా ఉంటే ఆడుకోవచ్చన్నారు.

మిరియం గొంతు తగ్గించింది. "యశూ, ఒక్క మాట అడుగుతాను. నిజం చెప్పు. ఆ నీలంది నువ్వు రోజుకి ఎన్నిసార్లు పీల్చేదానివి?"

"ప్రాక్టీసుకి ముందు పీల్చుకునేదాన్ని. మీరు చెప్పినట్టే. అంతకుమించి లేదక్కా."

"మరి ఎలా అయిపోయింది?"

"నాకు తెలీదు."

"రాత్రిళ్ళు ఆయాసం వస్తోందా? నాకు చెప్తే తిడతాననుకున్నావా? చూడు, దాచిపెడితే ప్రాణం మీదకొస్తుందని మొదటి రోజే..."

"మీరు కూడానా అక్కా?"

యశస్విని గొంతు పెరిగింది. కుర్చీల్లో పిల్లలు గుసగుసలు ఆపేశారు.

"కోచ్ సార్ అన్నాడు నేను ఎక్కువ పీల్చీశానని. నాన్న అదే అన్నాడు. బాగా అలవాటైపోయిందంట నాకు, అదో జబ్బంట. సర్లే, వాళ్ళకి తెలీదనుకున్నాను. మీరేం చెప్పారు ఇక్కడ? మీ ఒంటి గురించి మీరు చెప్తే ఎవరు నమ్మకపోయినా నేను నమ్ముతాను అన్నారు. నమ్మండి మరి! నేను వాడలేదు."

మిరియం పిల్ల వైపు చూసింది. పిల్ల కళ్ళలోకి చూస్తే అబద్ధం కనిపించడం లేదు. ఖాళీ డబ్బా చూస్తే నిజం కనిపించడం లేదు. ఆమె ఏదో అనబోయేలోపు మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది. ఎవరో గబగబా ఎక్కుతున్నారు. సగంలో ఆగారు. మళ్ళీ ఎక్కారు.

* * *

ఉదయ్‌కుమార్ గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. సన్నటి మనిషి, నిద్రలోంచి లేచిన మొహం, గుండీలు తప్పుగా పెట్టుకున్న చొక్కా. పాలకొండ అవతల పల్లెలో వ్యవసాయం వదిలి విశాఖ వచ్చినవాడు. అచ్యుతాపురంలో ఒక కంపెనీలో రంగు పొడి బస్తాలకెత్తే షెడ్డులో కాంట్రాక్టు పని. కాసేపు మాట రాలేదు. కోపం ముంచుకొచ్చి మాట రావడం లేదనే అనుకున్నారు అందరూ.

"ఎవలినడిగి వచ్చీసినావే?" అన్నాడు చివరికి. "అమ్మా, నువ్వు కూడానా? నాను తొంగున్నానని సూసి?"

"ఆఁ, నానే. ఏటి సేత్తావో సెయ్యి," అంది చిలకమ్మ కుర్చీలోంచి కదలకుండా.

ఆయన మిరియం వైపు తిరిగాడు. "మేడమ్, మీకు మొన్ననే సెప్పినాను. మా పిల్లని మాకొగ్గీయండి. బాగున్న పిల్లని పట్టుకుని వారం వారం రోగం రోగం అని అదే పాట! పైగా నలుగురికీ సెప్పమంటారంట. ఎవలైనా సెప్పుకుంటారా ఇలాటివి? సెప్పుకుంటే ఏటవుద్దో మీకు తెలుసా? పనికిరాడని పక్కన పెట్టేత్తారు మనిషిని. గేటు బయట నిలబెట్టేత్తారు!"

మిరియం చెవికి ఆ మాటల్లో ఏదో తేడాగా తగిలింది. పక్కన పెట్టింది ఆడపిల్లని కదా, పనికిరాడంటాడేమిటి? ఆ ఆలోచన పూర్తయ్యేలోపు యశస్విని తండ్రికి ఎదురుగా వచ్చి నిలబడింది.

"నాన్నా, నాను ఇప్పుడు ఇంటికి రాను. క్లాసయ్యాక వస్తాను."

"ఏటన్నావ్?"

"రేపు పొద్దున్న గ్రౌండుకి కూడా ఎల్తాను. సెలెక్షన్‌లో నన్ను నిలబెట్టమని సార్‌ని అడుగుతాను. ఒప్పుకోకపోతే గీత పక్కనే కూకుంటాను. ఒప్పుకునేదాకా కూకుంటాను. ఉబ్బసం నేదని మాత్రం ఎవరికీ సెప్పను. ఉంది నాకు. ఉంటే ఏటి?"

"నాకే ఎదురు సెప్తావా!"

ఆయన పిల్ల జేబులోంచి, ఆసుపత్రిలో ఇచ్చిన కొత్త ఇన్‌హేలర్ లాక్కున్నాడు. "ఇదీ! ఇదే నిన్ను పాడు సేసింది. దీన్ని పట్టుకుని తిరుగుతావు, అందరూ నిన్నే సూత్తారు, అందరూ..."

చెయ్యి కిటికీ వైపు లేచింది. విసిరేస్తాడనే అనుకున్నారు. కానీ మాట మధ్యలో తెగిపోయింది. "నాను..." అని మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ తెగింది. భుజాలు చెవులదాకా లేస్తున్నాయి. మెడ కింద గుంట లోపలికి పీక్కుపోతోంది. ఛాతీలోంచి సన్నటి ఈల లాంటి చప్పుడు.

ఆ గదిలోని పిల్లలకి అదేమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. తమ ఒంట్లోంచి వచ్చినప్పుడు ఎన్నో రాత్రులు విన్న చప్పుడే.

ఉదయ్‌కుమార్ గోడ వైపు తిరిగాడు. బొటనవేలితో మూత ఎగరగొట్టాడు. ఇన్‌హేలర్‌ని రెండుసార్లు ఊపాడు. నోట్లో పెట్టుకుని వెంటవెంటనే రెండు నొక్కులు నొక్కాడు. తెల్లటి ఆవిరి సగం పెదాల పక్కనుంచి బయటికే వచ్చేసింది. చేత్తో మూతి తుడుచుకుని, మూత మళ్ళీ బిగించాడు. అంతా రెప్పపాటులో అయిపోయింది. చీకట్లో చెప్పులు వెతుక్కుని తొడుక్కునేవాడి పాదాలకి ఉండే అలవాటు ఆ చేతికి ఉంది.

యశస్విని ఆ చేతినే చూస్తోంది.

"నాన్నా," అంది. గొంతులో ఇందాకటి పెంకితనం లేదు. "ఇది నీకు ఎవరు నేర్పారు?"

ఆయన తిరగలేదు. తిరిగే స్థితిలో లేడు. నొక్కుకున్న మందు చాల్లేదు. రెండు చేతులూ గోడకి ఆనించి వంగిపోయాడు.

మిరియం ఒక అడుగు వేసింది. అప్పటికే యశస్విని కుర్చీ లాక్కొచ్చి తండ్రిని అందులో కూర్చోబెట్టేసింది. "పడుకోకు. ముందుకి వంగు. మోచేతులు మోకాళ్ళ మీద పెట్టు. రాణీ, ఆ స్పేసర్ ఇలా తే."

మిరియం ఆగింది. పిల్ల తడబడడం లేదు. చెయ్యాల్సింది చెయ్యాల్సినట్టే చేస్తోంది. "ఆరోన్, ఫోను చేతిలో పెట్టుకో. తగ్గకపోతే 108కి చెయ్యాలి," అని తను ఉదయ్‌కుమార్ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఆయన పెదాల రంగు చూస్తోంది.

రాణి పరిగెత్తుకొచ్చి మందు పీల్చుకునే ప్లాస్టిక్ బుంగ అందించింది. యశస్విని ఇన్‌హేలర్‌ని దానికి తగిలించింది. తండ్రి తల అడ్డంగా ఊపాడు. ఇంతమంది పిల్లల ముందు అది నోట్లో పెట్టుకోవడం ఆయన వల్ల కాలేదు.

"సిగ్గా నీకు?" యశస్విని గట్టిగా అరిచింది. "ఊపిరాడనప్పుడు కూడా సిగ్గేనా? నోరు తెరు!"

ఆయన తెరిచాడు.

"నువ్వు నొక్కినట్టు నొక్కితే సగం మందు గోడకి పోద్ది. నేను ఒక్కసారి నొక్కుతాను. మెల్లిగా పీల్చు. వదులు. మళ్ళీ పీల్చు. తొందరేం లేదు. వదులు. నన్నే చూడు. ఇంకోసారి నొక్కుతన్నాను. పీల్చు."

గూడ్సు ఒకటి వచ్చి వెళ్ళింది. అద్దాలు అదిరాయి. ఎవరూ కిటికీ వైపు చూడలేదు. చిలకమ్మ ఎప్పుడు లేచిందో, కొడుకు వీపు మీద చెయ్యి వేసి నిలబడి ఉంది.

ఈల సన్నబడింది. భుజాలు దిగాయి. ఉదయ్‌కుమార్ నుదుటి చెమట చొక్కా చేతితో తుడుచుకున్నాడు. "సాల్లే... అమ్మీ," అన్నాడు. రెండు మాటలు ఒక్క ఊపిరిలో వచ్చేసరికి మిరియం వెనక్కి వాలి తనూ ఊపిరి పీల్చుకుంది.

"సిన్నప్పుడు సలికాలం ఒస్తే ఇలగే ఎగిసిపోయీవోడు," అంది చిలకమ్మ నెమ్మదిగా. "ఒళ్ళో కూకోబెట్టుకుని తెల్లార్లూ మేలుకునీదాన్ని. పెద్దోడయ్యాక పోనాదనుకున్నాను. పోనేదా నాయనా?"

* * *

ఉదయ్‌కుమార్ కుర్చీలో వెనక్కి వాలాడు. మందు వల్ల చేతివేళ్ళు సన్నగా వణుకుతున్నాయి. వాటిని తొడల కింద దాచుకున్నాడు.

"పోనాదనే అనుకున్నానమ్మా. ఈ షెడ్డులోకి మారినాక మళ్ళీ మొదలైనాది. పొద్దస్తమానం పొడి గాల్లోనే ఉంటాది. మాస్కులిత్తారు. అది కట్టుకుని బస్తాలెత్తితే ఊపిరాడదు. ఏడాదికోపాలి మెడికల్ టెస్టు సేత్తారు. ఆయాసం ఉందని తెలిస్తే మర్నాటినుంచి గేటు బయటే. అలా పోయినోళ్ళని సూసినాను."

"అందుకని నా మందు తీసుకున్నావు," అంది యశస్విని.

"డ్యూటీకెల్లే ముందు, ఒచ్చినాక, నీ బ్యాగులోంచి తీసి నాలుగైదు నొక్కులు నొక్కుకునీవోణ్ణి. మళ్ళీ అక్కడే పెట్టీసీవోణ్ణి. అయిపోద్దనుకోనేదు అమ్మీ. దేవుడి తోడు, అంత బేగి అయిపోద్దనుకోనేదు."

యశస్విని ఏడుస్తుందని మిరియం అనుకుంది. ఏడవలేదు. తండ్రి ఎదురుగా ఇంకో కుర్చీ వేసుకుని కూర్చుంది.

"ఆ రోజు ఆటోలో నా పక్కన నువ్వే కూకున్నావు. నా చెయ్యి పట్టుకుని ఏడిచావు. అప్పుడు నీకు తెలుసా?"

ఉదయ్‌కుమార్ తల ఊపాడు. "నీ చేతిలో ఆ ఖాళీ డబ్బా సూసినాక తెలిసింది."

"తెలిసి కూడా, ఇంటికి తీసుకొచ్చి నన్నే తిట్టావు. ఎక్కువ పీల్చీశానని. పాడైపోయానని. కోచ్ సార్ అదే అంటే పక్కన నిలబడి అవునన్నావు."

చిలకమ్మ కొడుకు వీపు మీదినుంచి చెయ్యి తీసేసింది.

మిరియం యశస్విని భుజం మీద చెయ్యి వేసింది. "నేనూ నమ్మలేదు నిన్ను. తప్పు నాదే," అంది అందరికీ వినిపించేలా. తర్వాత ఉదయ్‌కుమార్‌తో, "మీరు ఇలా నీలంది ఒక్కటే నొక్కుకుంటూ పోతే ఒకరోజు అది పని చెయ్యదు. రోజూ వాడే మందు పడాలి మీకు. ఇవాళ సాయంత్రమే డాక్టరు గారికి చూపిద్దాం. షెడ్డు మార్చమని ఆయన రాసిస్తారు," అంది.

"మారుత్తారా మేడమ్ ఆళ్ళు? మనిషినే మార్చీత్తారు."

"సర్లే," అంది యశస్విని. "నీది నువ్వు దాచుకో నాన్నా. నేను ఎవరికీ చెప్పను. రేపు సార్ దగ్గరికి ఒక్కదాన్నే ఎల్తాను. నువ్వు చేసిన సంగతి నా నోట్లోంచి రాదు. నాకు ఉబ్బసం ఉందని చెప్తాను, ఎలా చూసుకోవాలో నాకు తెలుసని చెప్తాను. నమ్మితే నమ్ముతాడు. కానీ ఒకటి. ఇంక నా బ్యాగు ముట్టుకోకు. నీది నువ్వు కొనుక్కో. నీ జేబులో పెట్టుకో."

అరిచి ఉంటే ఆయన తట్టుకునేవాడు. పిల్ల అంత నెమ్మదిగా చెప్పేసరికి మొహం పక్కకి తిప్పుకున్నాడు. కాసేపటికి చొక్కా జేబులోంచి ఫోను తీశాడు.

"కోచ్ సారుకి సెప్తే ఆళ్ళ మావయ్యకి సెప్పినట్టే," అన్నాడు ఎవరితోనో అన్నట్టు. "తవిటయ్య. మా షెడ్డు సూపర్‌వైజరు. నన్ను పన్లో పెట్టింది ఆయనే."

"అయితే వద్దు నాన్నా..."

అప్పటికే ఆయన నంబరు నొక్కేశాడు. యశస్విని చెయ్యి చాచి స్పీకర్ పెట్టింది. అవతల కంచాల చప్పుడు, ఎవరిదో నవ్వు. భోజనాల వేళ.

"సార్, ఉదయ్‌కుమార్ని. యశస్విని నాన్నని. ఆ రోజు తప్పు మా పిల్లది కాదు సార్. ఆయాసం నాకుంది. దాని మందు నాను వాడీసినాను. దానికి తెలీదు. నాను సెప్పనేదు. మీరు దాన్ని తిడతంటే ఇన్నాను గానీ సెప్పనేదు. దాన్ని ఆడనియ్యండి సార్. డాక్టరు గారు ఆడొచ్చన్నారు."

అవతల కంచాల చప్పుడు ఆగింది.

"అలాగా," అన్నాడు గుణశేఖర్. "సరే, రేపు పొద్దున్న పంపండి. డాక్టరు చీటీ తేవాల. గ్రౌండులో నా ఎదురుగా ఊపిరి చూసే గొట్టం ఊది చూపించాల. ఆడినంతసేపూ ఆ మందు నా జేబులో ఉంటాది."

"మీ జేబులో కాదు సార్," అంది యశస్విని ఫోను మీదికి వంగి. "కూతలో ఉన్నప్పుడు మీ దగ్గరికి పరిగెత్తలేను. నా జేబులోనే."

ఆరోన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అవతల గుణశేఖర్ దగ్గాడు.

"సర్లే. నీ జేబులోనే. ఆరింటికల్లా ఉండాల."

పిల్లలందరూ ఒక్కసారి గోల చేశారు. రాణి కుర్చీ ఎక్కి చప్పట్లు కొట్టింది. ఆ గోలలో ఫోనులోంచి ఇంకో గొంతు వచ్చిన సంగతి మొదట ఎవరికీ వినపడలేదు. మిరియం చెయ్యెత్తి అందరినీ ఆపింది.

"...మన ఉదయ్‌కుమారేనా? ఫోనిలగియ్యి గుణా." వయసు మళ్ళిన గొంతు, తీరిగ్గా ఉంది. "ఉదయ్, నాను తవిటయ్యని. అంతా ఇన్నాను."

ఉదయ్‌కుమార్ కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడు, ఎదురుగా ఆయనే ఉన్నట్టు.

"రేపు డ్యూటీకెల్లకు. పొద్దున్న గ్రౌండుకి రా. నానూ అక్కడే ఉంటాను. షెడ్డులో నీలాగే ఇంకెవలెవలు దాత్తన్నారో, నీకు తెలిసే ఉంటాది. ఆ పేర్లు నాకు కావాల."

"ఎందుకండీ?"

ఫోను పెట్టేసిన చప్పుడు.

మంచికడిగాడో చెడుకడిగాడో ఆ గొంతులో తెలియలేదు. ఉదయ్‌కుమార్ ఫోను వైపే చూస్తున్నాడు.

"ఇంకా ఉన్నారా నాన్నా?" అడిగింది యశస్విని.

"కంపెనీ బస్సులో నా పక్క సీట్లోవోళ్ళు, ఎనక సీట్లోవోళ్ళు. అందరం దగ్గుతాం. పొడి గొంతులోకెల్లిందని ఒకలికొకలు సెప్పుకుంటాం." ఆయన నెమ్మదిగా ఆరోన్ వైపు తిరిగాడు. "మీ నాన్న కూడా బాబూ."

ఆరోన్ మొహంలో నవ్వు ఆరిపోయింది. వాడి తండ్రి రత్నరాజు పనిచేసేది ఆ షెడ్డులోనే. కానీ ఇంట్లో ఒక్కరోజు కూడా దగ్గు సంగతి ఎత్తలేదు.

"చెప్పకండి అంకుల్," అన్నాడు. మధ్యాహ్నమంతా అందరికన్నా గట్టిగా మాట్లాడిన గొంతు ఇప్పుడు పైకి రావడం లేదు. "మా నాన్న పేరు చెప్పకండి. ఉద్యోగం పోతే మా అమ్మ తట్టుకోలేదు."

"చెప్పకపోతే మీ నాన్న తట్టుకుంటాడా?" అంది రాణి. తనే అన్నానా అన్నట్టు ఉలిక్కిపడి చూసింది.

అందరూ ఒకేసారి మాట్లాడారు. చెప్పాలని కొందరు, వద్దని కొందరు. యశస్విని మాత్రం ఇన్‌హేలర్ మూత తీసి చూసి, మళ్ళీ పెట్టి, జేబులో వేసుకుంది.

"పేర్లు ఇవ్వొద్దు," అంది. "మనుషుల్నే తీసుకెల్దాం. పొద్దున్న గ్రౌండులో తవిటయ్య గారి ఎదురుగా అందరూ నిలబడాలి. ఒక్కడైతే గేటు బయట పెడతారు. బస్సు బస్సంతా నిలబడితే ఎవరితో ఎత్తిత్తాడు బస్తాలు?"

"ఆళ్ళు రారు అమ్మీ," అన్నాడు ఉదయ్‌కుమార్.

"నువ్వెల్లి అడిగావా ఎప్పుడైనా?"

ఆయన అడగలేదు. ఇప్పుడు వస్తానని కదలబోతే మిరియం ఆపింది. "మీరు నాతో క్లినిక్‌కి. ఇంకో మాట లేదు," అని చున్నీ సర్దుకుని డాక్టరుకి ఫోను చేసింది.

చిలకమ్మ అప్పటికే గుమ్మం దగ్గరుంది. కొంగు నడుముకి చుట్టి, "ముందు ఏ ఇంటికెల్దాం?" అంది.

అందరి చూపులూ ఆరోన్ మీదికి తిరిగాయి. వాడు కిటికీలోంచి పట్టాల అవతల రేకుల ఇళ్ళ వైపు చూస్తూ నిలబడ్డాడు. రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు, తీశాడు. తర్వాత మెట్ల వైపు నడిచాడు.

"మా ఇంటికే," అన్నాడు వెనక్కి చూడకుండా. "రండి మామ్మా. నాన్న ఇంట్లోనే ఉన్నాడు. కానీ సంగతి ఇదని తెలిస్తే మిమ్మల్నే కాదు, నన్ను కూడా గుమ్మం దాటనివ్వడు."